పదకొండేళ్లుగా నాకు అన్నం పెడుతున్న పడవ: ఆప్టిమిస్ట్ గురించి ఒక సెయిలింగ్ కోచ్ రివ్యూ

"మా అబ్బాయికి పడవ కొందామనుకుంటున్నాం సార్, ఏది తీసుకోమంటారు?" అని ఏడాదికి నలుగురైదుగురు తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఆ సమయానికి నేను తడి బట్టలతో ఒడ్డున నిలబడి పిల్లల లైఫ్‌జాకెట్ల బకిల్స్ విప్పుతుంటాను. "ఆప్టిమిస్ట్ తీసుకోండి" అని ఒక ముక్క చెప్పి పంపేస్తాను. కానీ అంత డబ్బు పెట్టేవాళ్లకు ఆ ఒక్క ముక్క చాలదు. దీంట్లో మంచి ఎంత ఉందో, చూసుకోవాల్సినవీ అన్ని ఉన్నాయి. అవన్నీ తీరిగ్గా రాద్దామని కూర్చున్నాను.

నేను హుస్సేన్ సాగర్ మీద పిల్లలకు సెయిలింగ్, అంటే తెరచాప పడవ నడపడం, నేర్పుతాను. ఇదే నా ఉద్యోగం, వేరే ఆదాయం లేదు. పుట్టి పెరిగింది విశాఖపట్నంలో. మా తాత తెప్ప మీద వేటకు వెళ్లిన మనిషి. నేను కాలేజీలో నావల్ ఎన్‌సీసీలో చేరి, వేలర్‌లో తెడ్లు లాగి అరచేతులు బొబ్బలెక్కించుకుని, ఎంటర్‌ప్రైజ్ పడవ మీద తెరచాప పట్టడం నేర్చుకున్నాను. ఆ తర్వాత ఇన్‌స్ట్రక్టర్ కోర్సు, పవర్‌బోట్, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్లు. హైదరాబాద్ వచ్చి ఐదేళ్లు జీతానికి చేశాను. ఇప్పుడు ఆరేళ్లుగా సొంత బ్యాచ్‌లు, సొంత పడవలు. మొత్తం ఆరు ఆప్టిమిస్ట్‌లు. ఒక బ్యాచ్‌లో ఆరుగురు పిల్లలు. ఏడో పిల్లను తీసుకోను, ఎంత బతిమాలినా తీసుకోను. రెస్క్యూ బోట్‌లో ఉన్న ఒక మనిషి కన్ను ఆరు పడవల మీదే ఆనుతుంది.

ఆప్టిమిస్ట్ చూడ్డానికి అందంగా ఉండదు. ముందు భాగం మొనదేలి ఉండదు, తొట్టిలా చదునుగా కోసేసినట్టు ఉంటుంది. పొడవు ఎనిమిది అడుగులు కూడా లేదు. పడవ తొట్టి ఒక్కటే 35 కిలోలు. తెరచాప 3.3 చదరపు మీటర్లు. 1947లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం క్లియర్‌వాటర్ ఊళ్లో క్లార్క్ మిల్స్ అనే పడవల తయారీదారు దీన్ని గీశాడు. అక్కడి ఆప్టిమిస్ట్ క్లబ్ వాళ్లు పిల్లలకు చవగ్గా అయ్యే పడవ కావాలన్నారు. ఆయన రెండు ప్లైవుడ్ షీట్లలో అయిపోయేలా లెక్క వేశాడు. షీట్ పొడవు ఎనిమిది అడుగులు కాబట్టి పడవ దానికి మించలేదు. ముక్కు కోసేసినట్టు ఉండటానికి కారణం కూడా అదే. ఆ క్లబ్ పేరే పడవకు పేరైంది. తర్వాత డెన్మార్క్ మీదుగా యూరప్ చేరి, ఇప్పుడు వందకు పైగా దేశాల్లో పిల్లలు దీంట్లోనే మొదలుపెడుతున్నారు. ఇప్పుడు ప్లైవుడ్ పోయి ఫైబర్‌గ్లాస్ వచ్చింది కానీ ఆకారం దాదాపు అదే.

దీంట్లో నాకు అన్నిటికన్నా నచ్చేది, ఒక్క పిల్లే కూర్చోగలగడం. పెద్ద పడవలో కోచ్ పక్కన కూర్చుని నేర్పొచ్చు, కానీ పిల్ల చేయి తడబడగానే కోచ్ చేయి టిల్లర్ (చుక్కాని తిప్పే పిడి) మీదికి వెళ్లిపోతుంది. నాకూ వెళ్లిపోతుంది, ఎంత ఆపుకున్నా. ఆప్టిమిస్ట్‌లో ఆ అవకాశమే లేదు. నేను పదిహేను అడుగుల దూరంలో రెస్క్యూ బోట్‌లో ఉంటాను. నా దగ్గర గొంతు, చేతి సైగలు తప్ప ఏమీ ఉండవు.

మూడేళ్ల కిందట ఒక పాప వచ్చింది, తొమ్మిదేళ్లు. మాట బయటికి రాదు. వాళ్లమ్మ వెనకాల నిలబడి కొంగు పట్టుకుంది. నా దగ్గరున్న పాత పసుపు పడవలో కూర్చోబెట్టి, రెండు బోయాల (నీటి మీద తేలే గుర్తులు) మధ్య ఎనిమిది అంకెలా తిరగమన్నాను. మొదటి రోజు అందరికీ ఇదే పని. గాలి పక్క నుంచి వచ్చేలా బోయాలు వేస్తే పిల్లలకు ముందుకు పోవడం, తిరగడం తప్ప వేరే ఆలోచన ఉండదు. మొదటి బోయా దగ్గర పాప టిల్లర్‌ను కుడికి నెట్టింది. పడవ ఎడమకు తిరిగింది. తన పని తప్పనుకుని ఇంకా కుడికి నెట్టింది. పడవ గుండ్రంగా తిరిగి, తెరచాప టపటపా కొట్టుకుంటూ ఆగిపోయింది. నా వైపు చూసి, అంతవరకూ నోరు విప్పని పిల్ల, "సార్, ఇది నా మాట ఇంటలేదు!" అని గట్టిగా అరిచింది.

"ఇంటది తల్లీ, నువ్వు ఎటు నెడితే దానికి ఎదురు వైపు పోతది. మళ్లీ చూడు" అన్నాను.

మళ్లీ నెట్టింది. ఈసారి టిల్లర్‌ను చూడలేదు, పడవ ముక్కును చూసింది. చేయి ఆగింది, కొంచెం వెనక్కి వచ్చింది, ముక్కు బోయా పక్కకు చేరింది. ఆ క్షణంలో ఆ పిల్ల భుజాలు ఎలా కిందికి దిగాయో నాకు ఇప్పటికీ గుర్తుంది. అరగంటలో నా అవసరం లేకుండా ఎనిమిదులు వేస్తోంది. ఆ అరగంటలో నేను నేర్పింది రెండు వాక్యాలు. మిగిలింది పడవే నేర్పింది. చిన్న తప్పుకు వెంటనే బదులిస్తుంది, తప్పు దిద్దుకున్నా అంతే వెంటనే చెబుతుంది. మొదటి పడవకు ఉండాల్సిన గుణం అది. బరువైన పడవల్లో ఈ బదులు ఆలస్యంగా వస్తుంది. అప్పటికి పిల్ల తను ఏం చేసిందో మరిచిపోతుంది.

ఇంకో సంగతి, భయం వేస్తే చేయాల్సింది ఒక్కటే పని. చేతిలో ఉన్న మెయిన్‌షీట్, అంటే తెరచాపను పట్టి ఉంచే తాడు, వదిలేయడం. తెరచాప గాలిని వదిలేస్తుంది, పడవ నిలబడిపోతుంది. నీళ్లలోకి దింపే ముందు ప్రతి పిల్లా నాకు ఇది మూడు సార్లు చేసి చూపించాలి.

హుస్సేన్ సాగర్ కోసమైతే ఈ పడవ ఇంకా బాగా కుదిరింది. ఇక్కడ నా వృత్తికి ఒక పెద్ద చిక్కు ఉంది. పిల్లలకు సెలవులు ఏప్రిల్, మే నెలల్లో. గాలి వచ్చేది జూన్ నుంచి సెప్టెంబర్ దాకా. సమ్మర్ క్యాంప్‌కు పిల్లలు నిండుగా వస్తారు, చెరువు మాత్రం అద్దంలా ఉంటుంది. వానాకాలం నైరుతి గాలి చక్కగా పట్టేసరికి బడులు తెరుస్తారు, మనకు మిగిలేది శని, ఆదివారాలు. ఏడాది బతుకు ఈ రెంటి మధ్యే సర్దుకోవాలి. ఎండాకాలం ఆ కాస్త ఊపిరి లాంటి గాలికి కూడా ఆప్టిమిస్ట్ కదులుతుంది. అదే లేకపోతే నా సమ్మర్ క్యాంప్ ఎప్పుడో మూతపడేది. తేలికైన పిల్ల, తేలికైన పడవ. పిల్లను గాలి పోయే వైపుకు కొంచెం ఒరిగి కూర్చోమంటే తెరచాప తన బరువుకే పొట్ట తెరుచుకుంటుంది, పడవ జారుతుంది. గాలి లేని రోజున నేర్చుకున్న ఈ ఒడుపు వానాకాలంలో పనికొస్తుంది.

వానాకాలంలో మాత్రం కథ వేరు. గాలి నెక్లెస్ రోడ్ వైపు నుంచి ట్యాంక్‌బండ్ వైపుకు తోస్తుంది. బిల్డింగుల మీదుగా వచ్చే గాలి కదా, ఒక తీరుగా రాదు, దబదబా మీద పడి మళ్లీ వెనక్కి పోతుంది. బుద్ధుడి విగ్రహం వెనకాలకు వెళ్తే గాలి చచ్చిపోతుంది, దాటగానే చెంప మీద కొట్టినట్టు వస్తుంది. పిల్లలకు నేను నేర్పే చూపు మా తాతదే. "సాప వంక సూత్తావేంట్రా, నీటి వంక సూడు" అనేవాడు. గాలి దెబ్బ వచ్చే ముందు నీటి మీద నల్లటి మరక పరుగెత్తుకుంటూ వస్తుంది. ఆప్టిమిస్ట్‌లో పిల్ల కన్ను నీటికి రెండడుగుల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి ఆ మరకను చాలా త్వరగా పట్టేస్తారు. ఎత్తైన పడవల్లో కూర్చున్న పెద్దవాళ్ల కంటే ముందే "సార్, వస్తోంది!" అని అరుస్తారు.

తెరచాప కట్టే పద్ధతి గురించి చెప్పాలి, ఎందుకంటే కొత్తగా కొన్నవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. దీంట్లో తెరచాపను మాస్ట్‌కీ (నిలువు స్తంభం) బూమ్‌కీ (తెరచాప అడుగున ఉండే అడ్డ కర్ర) చిన్న చిన్న తాళ్లతో కడతారు, డజనుకు పైగా ముడులు. మాస్ట్‌కూ గుడ్డకూ మధ్య సందు పది మిల్లీమీటర్లు దాటకూడదని పోటీల్లో నియమం. పిల్లల చిటికెన వేలు దూరితే ఎక్కువే. తెరచాప పై కొసను స్ప్రిట్ అనే సన్నటి కర్ర అడ్డంగా ఎత్తి పట్టుకుంటుంది. ఆ స్ప్రిట్ తాడు బిగువే ఈ పడవకు ప్రాణం. తక్కువ బిగిస్తే మాస్ట్ పైభాగం నుంచి బూమ్ చివరి దాకా ఒక ముడత పడుతుంది. ఎక్కువ బిగిస్తే పై కొస నుంచి మాస్ట్ అడుగుకు ముడత. రెండూ లేకపోతే సరిగ్గా ఉన్నట్టు. నేను పిల్లల్ని ఒడ్డున పడవ పక్కన వెల్లకిలా పడుకోబెట్టి కింద నుంచి తెరచాపను చూడమంటాను. చీర ఆరేసినప్పుడు వాళ్లమ్మ ముడత తీయడానికి ఏ మూల పట్టి లాగుతుందో గుర్తు తెచ్చుకోమంటాను. పదేళ్ల పిల్లలు కూడా రెండు వారాల్లో ఏ తాడు లాగాలో చెప్పేస్తారు. ఈ ముడులు కట్టడానికి మొదట్లో నలభై నిమిషాలు పడుతుంది. తల్లిదండ్రులు "టైమ్ వేస్ట్ అవుతోంది సార్, మీరే కట్టేయండి" అంటారు. నేను కట్టను. తను కట్టిన ముడి నీళ్ల మధ్యలో ఊడిపోతే ఏమవుతుందో తెలిసిన పిల్ల జీవితంలో ముడి నిర్లక్ష్యంగా వేయదు.

ఇక లోపాలు. పెద్ద లోపం నీళ్లు. ఆప్టిమిస్ట్ బోల్తా పడితే తొట్టి నిండిపోతుంది. లోపల మూడు గాలి సంచులు ఉంటాయి కాబట్టి మునగదు, కానీ నీళ్లు వాటంతట అవి బయటికి పోవు. పిల్ల ఈదుకుంటూ వెళ్లి డాగర్‌బోర్డ్ (పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగే పలక) పట్టుకుని వేలాడితే పడవ లేస్తుంది, ఇది తేలికే. ఆ తర్వాత నీళ్లతో బరువెక్కిన పడవలోకి ఎక్కి, బెయిలర్‌తో తోడి పోయాలి. మేము వాడే బెయిలర్ ఐదు లీటర్ల నూనె క్యాన్‌ను ఏటవాలుగా కోసింది, హ్యాండిల్ అలాగే ఉంచి. తాడుతో పడవకు కట్టి ఉంచుతాం, లేకపోతే బోల్తా పడగానే అదే మొదట కొట్టుకుపోతుంది. ముప్ఫై కిలోల పిల్లకు తోడటం పది నిమిషాల పని. గాలి ఎక్కువగా ఉన్నప్పుడు ఆ పది నిమిషాల్లో పడవ ట్యాంక్‌బండ్ రాళ్ల వైపు కొట్టుకుపోతుంది. నాకు అసలు టెన్షన్ అక్కడే. ఒకేసారి ఇద్దరు బోల్తా పడితే ఎవరు రాళ్లకు దగ్గరగా ఉన్నారో చూసి అటు వెళ్తాను, రెండో పిల్లను తాడు వదిలేసి పడవను పట్టుకునే ఉండమని అరుస్తాను. ఆర్ఎస్ టెరా లాంటి కొత్త తరం ప్లాస్టిక్ పడవలు ఈ విషయంలో చాలా మెరుగు. బోల్తా పడి లేచాక నీళ్లు వాటంతట అవే పోతాయి. నెలకోసారి సరదాగా నీళ్ల మీదికి వెళ్లే పిల్లకు అదే తీసుకోమని చెబుతాను. పోటీలకు వెళ్లాలనే ఆలోచన ఉంటే మాత్రం ఆప్టిమిస్టే, ఎందుకంటే ఆ వయసు పోటీలన్నీ ఎక్కువగా దీంట్లోనే జరుగుతాయి.

రెండో లోపం, పడవది కాదు, అమ్మేవాళ్లది. సొంత బ్యాచ్ మొదలుపెట్టినప్పుడు ఆరూ కొత్తవే కొనే స్తోమత లేక వాటిలో మూడు పాతవి తీసుకున్నాను. అమ్మినతను ఫొటోలు బాగా పంపించాడు, పాలిష్ కొట్టి మెరిసేలా చేశాడు. నేను తొందరపడ్డాను. రెండో వారంలో ఒక బాబు బోల్తా పడ్డాడు. పడవ లేచింది కానీ ఒక పక్కకు వాలి, అంచు నీటి మట్టానికి వచ్చేసింది. బాబు ఎక్కబోతే మళ్లీ ఒరిగిపోతోంది. అతన్ని నా బోట్‌లోకి లాగి, పడవను ఒడ్డుకు తెచ్చి చూస్తే ఒక గాలి సంచి కుట్టు దగ్గర విడిపోయి చప్పగా ఉంది. బాబుకు ఏమీ కాలేదు. వాళ్ల నాన్నకు నేనే ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఆరు పడవల్లోని పద్దెనిమిది సంచులూ తీసి, ఊది, ఒక్కోదాని మీద ఇసుక బస్తా పెట్టి రాత్రంతా ఉంచాను. తెల్లారేసరికి నాలుగు చప్పబడ్డాయి. అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి సోమవారం ఇదే పని.

పాతది కొనేవాళ్లు దయచేసి పాలిష్ చూసి మోసపోకండి. వెంట ఒక తూకం తీసుకెళ్లండి. పడవ అడుగుభాగంలో రెండు ఫైబర్ పొరల మధ్య ఫోమ్ ఉంటుంది. ఎక్కడైనా పగులు ఉంటే అది స్పాంజిలా నీళ్లు పీలుస్తుంది. ఆరిన తొట్టి 35 కిలోలకు నాలుగైదు కిలోలు ఎక్కువ తూగితే ఆ నీళ్లు లోపల ఉన్నట్టే, వాటిని బయటికి తీయడం దాదాపు అయ్యే పని కాదు. వేలితో అడుగంతా తట్టండి, పగిలిన కుండలా మందంగా మోగిన చోట పొరలు విడిపోయి ఉంటాయి. మాస్ట్ కూర్చునే గుంట దగ్గర సన్నటి గీతలు ఉన్నాయేమో టార్చ్ వేసి చూడండి. బోల్తా పడినప్పుడు మాస్ట్ ఊడి రాకుండా కట్టే తాడు లేకపోతే, అమ్మేవాళ్లు ఆ పడవను ఎలా వాడారో అర్థమైపోతుంది. తెరచాప గురించి పెద్దగా పట్టించుకోవద్దు, ఎలాగూ మార్చాల్సిందే.

వయసు సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. పిల్లకు పదిహేనేళ్లు నిండే ఏడాదితో ఆప్టిమిస్ట్ పోటీలు అయిపోతాయి. దానికన్నా ముందే బరువు అడ్డొస్తుంది. యాభై కిలోలు దాటాక పడవ నీళ్లలో కూరుకుపోయినట్టు నడుస్తుంది, పిల్ల నేర్చుకునేది ఆగిపోతుంది. అప్పుడు లేజర్ అనే పెద్ద పడవకు మారాలి, ఇప్పుడు దాన్ని ఇల్కా అంటున్నారు. దాంట్లో చిన్న తెరచాప ఉన్న ఇల్కా 4తో మొదలుపెట్టాలి. ఒలింపిక్స్‌కు సెయిలింగ్‌లో అర్హత సాధించిన మొదటి భారతీయ మహిళ నేత్రా కుమనన్ పోటీ పడింది కూడా ఈ లేజర్ కుటుంబంలోని రేడియల్ అనే పడవలోనే. పదమూడేళ్ల పిల్లకు కొత్త ఆప్టిమిస్ట్ కొనే తల్లిదండ్రుల్ని నేను ఆపుతాను. బరువు పెరిగిపోయి చాలామంది ఏడాదికి మించి వాడలేరు.

మార్కులు అడిగితే ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒకటి నీళ్లు తోడే బాధకు.

ఈ వృత్తిలోకి రావాలనుకునే కుర్రాళ్లు కూడా కొందరు నన్ను అడుగుతుంటారు, కాబట్టి వాళ్ల కోసం నాలుగు మాటలు. మీరు సెయిలింగ్ చేస్తారని ఎవరూ జీతం ఇవ్వరు. ఇన్‌స్ట్రక్టర్ రోజులో తెరచాప పట్టుకునే సమయం చాలా తక్కువ. పొద్దున ఐదున్నరకు ఇంజన్‌లో పెట్రోలు, లైఫ్‌జాకెట్ల లెక్క, వాకీటాకీ చార్జింగ్. ఆరు పడవలు ట్రాలీల మీద దింపడం, సాయంత్రం ఎక్కించడం, మంచినీళ్లతో కడగడం. ఆ 35 కిలోల తొట్టి పగలంతా ఎత్తీ దించీ ఉంటే సాయంత్రానికి నడుము చెబుతుంది. ఎండకు నీటి మీది తళుకు కళ్లలో గుచ్చుకుంటుంది. పోలరైజ్డ్ కళ్లజోడుకు డబ్బు మిగుల్చుకోకండి, నేను మొదటి నాలుగేళ్లు మిగుల్చుకుని ఇప్పుడు కంటి డాక్టర్ చుట్టూ తిరుగుతున్నాను. చెరువు నీళ్లు నోట్లోకి పోనివ్వకూడదు, ఒడ్డెక్కగానే పిల్లలందరికీ సబ్బుతో స్నానం తప్పనిసరి. నిమజ్జనం అయ్యాక కొన్ని వారాల పాటు నీళ్లలో కర్రలు, ఇనుప చువ్వలు, గుడ్డలు ఉంటాయి, డాగర్‌బోర్డ్‌కు చుట్టుకుంటాయి. అప్పుడు కొత్తవాళ్లను దింపను, ఆ మేరకు ఆదాయం పోతుంది. గాలి ఉన్న నాలుగు నెలల్లో, సెలవుల రెండు నెలల్లో వచ్చిందే పన్నెండు నెలలకు సర్దుకోవాలి. పెళ్లి సంబంధాలు చూసినప్పుడు మా అమ్మకు నా ఉద్యోగం ఏమిటో చెప్పడం కష్టమైంది. ఇప్పుడు మా ఆవిడే లెక్కలన్నీ చూస్తుంది, గాలి సంచుల రిజిస్టర్ కూడా ఆమె రాతే.

అయినా నేను ఇంకో పని వెతకలేదు. నోరు విప్పని ఆ పాప ఇప్పుడు పన్నెండేళ్లది. పోయిన జూలైలో గాలి గట్టిగా ఉన్న ఒక ఆదివారం, నా కళ్ల ముందే బోల్తా పడింది. నేను ఇంజన్ గేరు వేసి ముందుకు రాబోతే నీళ్లలోంచి చేయి ఎత్తి ఆగమంది. డాగర్‌బోర్డ్ ఎక్కి నిలబడింది, పడవ లేచింది, లోపలికి దొర్లింది, క్యాన్ తీసుకుని తోడటం మొదలుపెట్టింది. రాళ్లు ఎంత దూరంలో ఉన్నాయో మధ్య మధ్యలో తల తిప్పి తనే చూసుకుంటోంది. నేను ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టి చూస్తూ ఉన్నాను. అలా చూస్తూ ఊరుకోవడం నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఎవరైనా నా దగ్గర పాత పడవ అడిగితే, తెల్లవి రెండు ఈ డిసెంబర్‌లో అమ్ముతున్నాను. తూకం వేసి, సంచులు ఊది, లోపాలన్నీ చూపించే ఇస్తాను. ఆ పసుపు పడవను మాత్రం అడగొద్దు. వెనక భాగం రెండు సార్లు అతికించింది, పక్కలంతా గీతలు, అమ్మితే పెద్దగా రాదు కూడా. కొత్తగా వచ్చిన పిల్లలు మొదటి రోజు దేనికి గుద్దినా పరవాలేదనుకునే పడవ నాకు ఒకటి కావాలి. వచ్చే శనివారం ఎనిమిదేళ్ల బాబు ఒకడు వస్తున్నాడు, ఆ పసుపు పడవకు కొత్త స్ప్రిట్ తాడు వేయాలి.